ఇది ఎలా చేశారు? విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియాన్ని చూసే దారి

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఒక తివాచీ ఎక్కువసేపు మసక చీకటిలోనే ఉంటుంది. గంటకు రెండుసార్లు, పదేసి నిమిషాల చొప్పున మాత్రమే దానిమీద దీపాలు వెలుగుతాయి. ఆ సంగతి తెలియనివాళ్లు చీకట్లో ఏదో పెద్ద గుడ్డ పరిచి ఉందనుకుని ముందుకు సాగిపోతారు. తెలిసినవాళ్లు పక్కనున్న బల్లమీద కూర్చుని ఎదురుచూస్తారు. దీపాలు వెలగగానే ముదురు నీలం నేలమీద వేల పూలతీగలు, నడుమ పసుపు పతకం, దానికి రెండు వైపులా వేలాడుతున్నట్టు నేసిన రెండు దీపాలు కనిపిస్తాయి. ఆ దీపాల్లో ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. చిన్న దీపం వైపు కూర్చున్నవారికి రెండూ ఒకే పరిమాణంలో కనిపించాలని అలా నేశారని కొందరు అంటారు. పరిపూర్ణత దేవుడిదే కనుక మనిషి కావాలనే ఒక లోపం ఉంచాడని మరికొందరు అంటారు.

ఇరాన్‌లోని అర్దబీల్‌లో సూఫీ గురువు షేక్ సఫీ సమాధి మందిరం కోసం 1539-40లో నేసిన తివాచీ ఇది. పొడవు పది మీటర్ల పైన, వెడల్పు అయిదు మీటర్ల పైన. పడుగు, పేక పట్టువి. వాటిమీద వేసిన ముడులు ఉన్నివి. పదిమంది దాకా నేతగాళ్లు పక్కపక్కన కూర్చుని ఒక్కొక్క ముడీ చేత్తో వేశారు. అలాంటి ముడులు సుమారు రెండు కోట్ల అరవై లక్షలు. ఇంత వైభవానికీ వాడినవి పది రంగులే. దానిమ్మ తొక్క, నీలిమందు వంటి సహజమైన పదార్థాలనుంచి తీసినవి. వెలుతురు తగిలేకొద్దీ అవి వెలిసిపోతాయి కనుకనే ఈ పది నిమిషాల లెక్క. అంచున కవి హాఫిజ్ పంక్తులు, కింద కాషాన్‌కు చెందిన మక్సూద్ పేరు, తేదీ ఉన్నాయి. మక్సూద్ స్వయంగా నేసినవాడు కాడనీ, పనిని జరిపించిన అధికారి అయి ఉంటాడనీ మ్యూజియం భావన. నేసినవాళ్ల పేర్లు ముడుల్లోనే ఉండిపోయాయి.

చిత్రశాలలో అడుగుపెట్టిన మనిషి సాధారణంగా వేసే మొదటి ప్రశ్న ‘ఇది ఎవరు గీశారు?’ అన్నది. ఈ మ్యూజియంలో ఆ ప్రశ్న ఎక్కువ దూరం తీసుకుపోదు. 28 లక్షలకు పైగా వస్తువులు, పుస్తకాలు, పత్రాలు ఉన్న ఈ సేకరణలో కుర్చీలు, గాజు గ్లాసులు, తాళాలు, చొక్కాలు, గోడకాగితాలు, ఇనుప గ్రాదులు, ఉంగరాలు, నాటకాల దుస్తులు ఉన్నాయి. వాటిలో చాలావాటికి కర్త పేరు లేదు. ‘ఇది ఎలా చేశారు, దేనికోసం చేశారు?’ అని అడిగితేనే అవి నోరు విప్పుతాయి. అలా అడగడానికి కారణం అలంకారప్రాయమైనది కాదు. ఈ సంస్థ పుట్టిందే ఆ ప్రశ్న కోసం.

1851లో లండన్ హైడ్ పార్కులో గాజు, ఇనుముతో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌లో మహా ప్రదర్శన జరిగింది. అరవై లక్షల సందర్శనలు నమోదయ్యాయి. యంత్రాల విషయంలో బ్రిటన్‌కు సాటి లేదని అక్కడ రుజువైంది. అదే చోట ఇంకొక సంగతి కూడా బయటపడింది: ఆ యంత్రాలు ఉత్పత్తి చేసిన సరుకులో చాలాభాగం చూడడానికి బాగాలేదు. తివాచీమీద నిజమైన పూలగుత్తులు పడి ఉన్నట్టు నీడలతో సహా బొమ్మలు, దీపానికి పువ్వు వేషం, కత్తెరకు పక్షి వేషం. అదే ప్రదర్శనలో భారతదేశం నుంచి వచ్చిన బట్టలు, లోహపు పని చూసి ప్రదర్శన నిర్వాహకుల్లో ఒకడైన హెన్రీ కోల్, డిజైనర్ ఓవెన్ జోన్స్ వంటివారు చకితులయ్యారు. బట్ట బట్టలాగే ఉంది. పువ్వు బల్లపరుపుగా, బట్ట ఒంటికి తగ్గట్టుగా కుదిరింది. చేత్తో పనిచేసే నేతగాడికి తెలిసినది ఆవిరియంత్రపు యజమానికి ఎందుకు తెలియలేదన్న ప్రశ్నే మ్యూజియానికి పునాది.

ప్రదర్శన ముగిశాక ప్రభుత్వం 5,000 పౌండ్లు ఇచ్చి, అందులోంచి మంచి నమూనాలు కొనమంది. 1852లో మార్ల్‌బరో హౌస్‌లో ‘తయారీ వస్తువుల మ్యూజియం’ తెరుచుకుంది. కోల్ దానికి సారథి. ఆయన అక్కడ ఒక గదిని చెడ్డ డిజైన్ల కోసమే కేటాయించాడు. తప్పుడు సూత్రాలతో చేసిన అలంకరణలకు ఉదాహరణలని బోర్డు పెట్టి, ఏ వస్తువులో ఏ తప్పుందో వివరించాడు. జనం దానికి ‘భయానక గది’ అని పేరు పెట్టుకున్నారు. తమ సరుకు అక్కడ చూసుకున్న తయారీదారులకు కోపం రాక మానుతుందా? ఫిర్యాదుల వల్ల ఆ గది త్వరలోనే మూతపడింది. అది నిలిచి ఉంటే బాగుండేది. మంచి వస్తువు పక్కన చెడ్డది పెట్టి, తేడా ఎక్కడుందో చూపించే ధైర్యం ఈనాటి మ్యూజియాలకు కూడా అరుదు.

1857లో సేకరణ సౌత్ కెన్సింగ్టన్‌కు మారింది. ప్రదర్శనలో మిగిలిన లాభంతో కొన్న భూమి అది. పగలంతా పనిచేసేవాళ్లు రాత్రి వచ్చి చూడాలని గ్యాసు దీపాలు పెట్టారు; లోపలే భోజనశాల తెరిచారు. పనివాడు చూడాలి, నేర్చుకోవాలి, మరునాడు కార్ఖానాలో మెరుగ్గా చేయాలి. 1899లో విక్టోరియా రాణి కొత్త భవనానికి శంకుస్థాపన చేసినప్పుడు ఇప్పటి పేరు వచ్చింది. భవనం 1909లో తెరుచుకుంది. పేరు రాజరికానిదైనా, పుట్టుక కార్ఖానాది. ఈ మాట గుర్తుంచుకుంటే గదుల అమరిక కూడా అర్థమవుతుంది. కొన్ని గదులు దేశకాలాల ప్రకారం ఉంటాయి. కొన్ని పదార్థం ప్రకారం. పింగాణీ ఒకచోట, గాజు ఒకచోట, ఇనుము ఒకచోట, వెండి ఒకచోట. ఇనుము పనివాడు వస్తే దేశదేశాల ఇనుము ఒకేచోట చూడాలన్నది పాత ఉద్దేశం. పై అంతస్తులోని పింగాణీ గదుల్లో వేల కొద్దీ పాత్రలు అద్దాల బీరువాల్లో కిక్కిరిసి ఉంటాయి. తొలిసారి వచ్చినవారికి కళ్లు తిరుగుతాయి. అయితే ఒక పని చేస్తే ఆ కిక్కిరింపే పాఠమవుతుంది: పాత్రలను వదిలి చేతిపిడులను మాత్రమే చూస్తూ నడవాలి. పిడిని ఎక్కడ అతికించారు, వేలికి ఎంత చోటిచ్చారు, పాత్ర నిండితే బరువు ఎటు వాలుతుంది అన్నవి కొద్దిసేపటిలోనే కంటికి పట్టుబడతాయి.

అన్నిటికన్నా తెలుగు పాఠకుడు ఆగి చూడవలసినవి కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు. ఇంగ్లీషువాళ్లు వాటిని చింట్జ్ అన్నారు. చుక్కలు, చిలకరింపు అనే అర్థమున్న హిందీ మాటనుంచి వచ్చింది ఆ పేరు. మంచంమీద పరిచే పెద్ద దుప్పట్లను పలంపోర్ అన్నారు; పలంగ్‌పోష్, అంటే మంచం కప్పు, అన్న మాటకు వంకర పలుకు. మచిలీపట్నం ఈ సరుకుకు పెద్ద రేవు. మ్యూజియంలోని పలంపోర్‌లలో తరచూ కనిపించేది ఒక పెద్ద చెట్టు: బండరాళ్ల గుట్టమీద నుంచి మెలికలు తిరుగుతూ లేచి, ఒకే కొమ్మకు పది జాతుల పూలు పూస్తుంది. అలాంటి చెట్టు ఏ దేశంలోనూ లేదు. ఐరోపా కొనుగోలుదారు అడిగినది, చైనా బొమ్మల్లో ఉన్నది, అద్దకంవాడి చేతికి అలవాటైనది, మూడూ ఆ చెట్టుమీద కలిసి పూచాయి.

పనితనం చూడాలంటే ఆ బట్ట దశలు తెలియాలి. ముందు నూలుగుడ్డను ఉడికించి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు గుడ్డను పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు గీత చెదరకుండా కాపాడుతుంది. తర్వాత తుప్పు ఇనుమును బెల్లపు నీళ్లలో నానబెట్టి తీసిన కసిమితో, వెదురు కలంతో నల్లగీతలు వేస్తారు. కలంలోంచి దిగేటప్పుడు అది నలుపు కాదు. ఇనుము, కరక్కాయ వగరు కలిసినచోట నలుపు పుడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. పటికకు రంగే లేదు. గుడ్డను చిరివేరు వేసిన కాగులో ఉడికిస్తే పటిక తగిలిన చోటల్లా ఎరుపు అంటుకుంటుంది, మిగతా చోట్ల మరక మాత్రమే మిగులుతుంది. ఆ మరకను పేడనీళ్లతో, ఎండతో, మళ్లీమళ్లీ తడపడంతో పోగొడతారు. కృష్ణా డెల్టాలో దొరికే చిరివేరు ఎరుపుకు ఎంతో పేరుండేది. ఇక నీలం. నీలం వద్దన్న చోటంతా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచి, తర్వాత మైనాన్ని వేడినీళ్లలో కరిగిస్తారు. ఆకుపచ్చ కావాలంటే నీలంమీద పసుపు రంగు అద్దుతారు. అంటే కలం పట్టిన మనిషి కంటికి కనబడని రంగులతో బొమ్మ వేస్తున్నాడు. ఏ ద్రవం ఏ కాగులో ఏ రంగవుతుందో అతని తలలో ఉంది.

ఇలా వచ్చిన రంగు ఉతికినా పోదు. పదిహేడో శతాబ్దపు ఐరోపాలో అలాంటి నూలుబట్ట లేదు. అందుకే అక్కడి నేతవాళ్లు, పట్టువాళ్లు, ఉన్నివాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో నిషేధించి 1759 దాకా తెరవలేదు. ఇంగ్లండులో 1700లో దిగుమతిమీద, 1721లో వాడకంమీద చట్టాలు వచ్చాయి. ఆ చట్టాల నీడ ఇదే మ్యూజియంలో ఒక మంచంమీద పడి ఉంది. ప్రసిద్ధ నటుడు డేవిడ్ గారిక్ దంపతుల మంచానికి తెరలుగా కుట్టిన కోరమాండల్ చింట్జ్ అది. కలకత్తా వర్తకులు కానుకగా పంపగా, 1775లో కస్టమ్స్ అధికారులు దాన్ని పట్టుకున్నారు. లేత నేలమీద పూలు, ఆకులు. చూడడానికి ఇంత సాధువుగా ఉన్న గుడ్డ ఒక సామ్రాజ్యపు పరిశ్రమను భయపెట్టింది.

తర్వాతి శతాబ్దంలో కథ తిరగబడింది. 1866లో లండన్‌లోని ఇండియా మ్యూజియం అధికారి జాన్ ఫోర్బ్స్ వాట్సన్ భారతీయ వస్త్రాల నమూనాల సంపుటాలు తయారు చేయించాడు. ఒక్కో సెట్టులో 18 సంపుటాలు, వాటిలో నిజమైన గుడ్డముక్కలు 700. అలాంటివి ఇరవై సెట్లు. పదమూడు బ్రిటన్‌లో, ఏడు భారతదేశంలో. ఉద్దేశం దాపరికం లేనిది: భారతీయులు ఏం కడతారో బ్రిటిష్ మిల్లు యజమానులు తెలుసుకుని అదే నేసి ఇక్కడ అమ్మాలి. ఆ సంపుటాలు ఈ మ్యూజియంలో ఉన్నాయి. ఏ గుడ్డ ఎంత పొడవు, ఏ అంచు ఎవరు కడతారు అని శ్రద్ధగా రాసిపెట్టిన పుటలు చూస్తే, ఒక చేతితో మెచ్చుకోవడం, మరో చేతితో మార్కెట్ లాక్కోవడం ఒకే పుటలో కనిపిస్తాయి. మ్యూజియం గొప్పతనాన్ని చెప్పేవాళ్లు ఈ పుటను దాటవేయకూడదు. నమూనాలు సేకరించడం అనే మాటకు ఇంత బరువుంది.

దక్షిణాసియా సేకరణలో పెద్దభాగం ఈస్టిండియా కంపెనీ స్థాపించిన ఇండియా మ్యూజియం నుంచి, అది 1879లో మూతపడ్డాక, ఇక్కడికి చేరింది. టిప్పు సుల్తాన్ పులి ఆ దారినే వచ్చింది. 1799లో శ్రీరంగపట్నం పడినప్పుడు కంపెనీ సైన్యం ఎత్తుకొచ్చిన కొయ్యబొమ్మ ఇది: వెల్లకిలా పడిన ఐరోపా మనిషి మెడను పులి కొరుకుతోంది. పక్కన పిడి తిప్పితే మనిషి చేయి పైకీ కిందికీ ఊగుతుంది. లోపలి తిత్తులనుంచి గాలి వెళ్లి అతని మూలుగు, పులి గుర్రు వినిపిస్తాయి. పులి డొక్కలో మెట్లున్న చిన్న వాద్యం కూడా ఉంది. పులి టిప్పు రాజచిహ్నం కనుక బొమ్మ అర్థం ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. లండన్‌లో కంపెనీ భవనంలో 1808 నుంచి దాన్ని చూడటానికి వచ్చినవాళ్లు పిడి తిప్పితిప్పి పక్క గదిలో చదువుకునేవారిని విసిగించారని ఫిర్యాదులుండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దెబ్బకు పైకప్పు కూలి బొమ్మ ముక్కలైంది. యుద్ధం తర్వాత అతికారు. దోపిడీ సొత్తుగా, మరబొమ్మగా, మైసూరు వడ్రంగం పనిగా మూడు రకాలుగానూ దాన్ని చూడాలి. ఒక్కదానితో సరిపెట్టుకుంటే మిగతా రెండూ మాయమవుతాయి.

షాజహాన్ పానపాత్ర దగ్గర మనసు వేరేలా ఆగుతుంది. 1657 నాటి తెల్లని జేడ్ రాయి. కింద విచ్చిన తామరపువ్వు పీఠం, దానిమీద సగం కోసిన సొరకాయ ఆకారంలో గిన్నె, ఆ గిన్నె సన్నబడుతూ వంపు తిరిగి మేకతల అవుతుంది. తామర భారతదేశానిది, సొరకాయ ఆకారం చైనాది, పీఠం దగ్గరి ఆకుల తీరు ఐరోపాది. జేడ్ ఇనుప ఉలికి లొంగే రాయి కాదు. దాన్ని చెక్కరు, గట్టి రాపొడితో అరగదీస్తారు. ఆ మేక మెడ వంపులో ఎక్కడా అతుకు లేదు; రాయి ఎక్కడ గిన్నె కావడం ఆగిందో, ఎక్కడ జంతువు కావడం మొదలైందో చూపుడువేలితో చూపించలేం.

ఇక రాఫెల్. చిత్రకళ పేరు చెబితే గుర్తొచ్చే మొదటి నలుగురైదుగురిలో ఒకడు. ఇక్కడి ఆయన ఏడు మహా చిత్రాలు అసలు చిత్రాలుగా వేసినవే కావు. 1515లో పోప్ పదో లియో వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనామందిరం గోడలకు వేలాడదీసే నేతబొమ్మల కోసం చేయించిన నమూనాలు. కాగితాలు అతికించి, జిగురు కలిపిన రంగులతో వేసి బ్రస్సెల్స్ మగ్గాలకు పంపారు. నేతగాళ్లు వాటిని పట్టీలుగా కోసి మగ్గం కింద పెట్టుకున్నారు. వాళ్లు నేసేది వెనకవైపు నుంచి కనుక బొమ్మ తిరగబడుతుంది. కాగితంమీద ఎడమచేయి ఎత్తినవాడు బట్టమీద కుడిచేయి ఎత్తుతాడు. రాఫెల్ ముందే ఆ లెక్కతో గీశాడు. బ్రిటిష్ రాజకుటుంబపు సొత్తయిన ఇవి 1865 నుంచి అరువుగా ఇక్కడే ఉన్నాయి. చేపల పడవ బొమ్మలో క్రీస్తు అంగవస్త్రం ఇప్పుడు తెల్లగా ఉంది. కింద నీటిలో దాని నీడ మాత్రం ఎర్రగా ఉంది. వస్త్రానికి వాడిన ఎరుపు వెలిసిపోయింది, నీడకు వాడిన వేరే ఎరుపు నిలిచింది. బొమ్మ ముందు కొద్దిసేపు నిలబడి కిందికి చూసినవారికే దొరికే సంగతి అది.

అచ్చు ప్రతిమల గదుల్ని కొందరు నకళ్లని చిన్నచూపు చూస్తారు. అది పొరపాటు. 1873లో తెరిచిన ఆ గదుల్లో రోమ్‌లోని ట్రాజన్ స్తంభం ప్లాస్టర్ అచ్చు రెండు ముక్కలుగా నిలబడి ఉంది. పైకప్పు చాలక అలా కోశారు. ఊరు దాటలేని విద్యార్థికి రోమ్‌నూ ఫ్లోరెన్స్‌నూ తెచ్చి చూపాలన్నదే ఆ కాలపు ఆలోచన. బయట గాలికి, పొగకు అసలు రాళ్లు అరిగిపోతుంటే, గదిలో ఉన్న అచ్చులు తాము పుట్టిన నాటి రూపాన్ని దాచుకున్నాయి. నకలు ఇప్పుడు అసలుకు సాక్ష్యం చెబుతోంది.

ఫొటోలు, గోడకాగితాలు, నగలు, రంగస్థలపు దుస్తులు అన్నీ ఒక్కో లోకం. వాటికి ఒకరోజు చాలదు, చాలుతుందని ఆశపడకూడదు. ఒక్క సంగతి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. 2014 నుంచి ఈ మ్యూజియం వార్తల్లో ఉన్న వస్తువులను అప్పటికప్పుడే సేకరించే పద్ధతి పెట్టుకుంది. త్రీడీ ప్రింటర్‌తో తయారుచేసిన తుపాకీ ఆ సేకరణలో ఉంది. 2013లో బంగ్లాదేశ్‌లోని ఢాకా దగ్గర బట్టల కార్ఖానాలున్న రాణా ప్లాజా భవనం కూలి వెయ్యిమందికి పైగా కార్మికులు చనిపోయాక, అక్కడి కార్ఖానాలతో ముడిపడిన ఒక చవక ప్యాంటు వచ్చింది. దానిలో చూడదగ్గ అందం ఏమీ లేదు. కానీ ‘ఎలా చేశారు?’ అన్న పాత ప్రశ్నను దాన్ని అడిగితే వచ్చే జవాబు అర్దబీల్ తివాచీ ఇచ్చేదానికన్నా తక్కువదేమీ కాదు. కోల్ మూసేసిన గదికి ఇది వేరే రూపంలో కొనసాగింపు అనిపిస్తుంది.

ప్రదర్శనలో ఉండేది సేకరణలో కొద్ది భాగమే. మిగతాది దశాబ్దాల పాటు గోదాముల్లో ఉండేది. 2025 మేలో తూర్పు లండన్‌లోని ఒలింపిక్ పార్కులో స్టోర్‌హౌస్ అనే కొత్త గోదాము తెరిచారు. రెండున్నర లక్షల వస్తువులు, మూడున్నర లక్షల పుస్తకాలు ఉన్న చోటు. మామూలు గోదాముకూ దీనికీ తేడా ఏమిటంటే దీనిలోకి జనాన్ని రానిస్తారు. ముందుగా రెండు వారాల వ్యవధి ఇచ్చి, అయిదు వస్తువుల దాకా ఎంచుకుని కోరితే వాటిని బయటికి తీసి దగ్గరగా చూపిస్తారు. రుసుము లేదు, పరిశోధకులే కావలసిన అవసరమూ లేదు. పనివాడికోసం గ్యాసు దీపాలు వెలిగించిన సంస్థకు ఇది తగిన పని.

ఆ అయిదింటిలో ఒకటిగా కోరమాండల్ అద్దకపు గుడ్డను కోరుకున్నవారు ముందు పూలను వదిలి ఆకులను చూడాలి. పాత చింట్జ్‌లలో ఆకులు తరచూ నీలంగా ఉంటాయి. అద్దకంవాడు నీలి ఆకులు వేయలేదు. నీలంమీద అద్దిన పసుపు ఎండకు, ఉతుకుకు ముందుగా వెళ్లిపోయింది, కింది నీలం మిగిలింది. కుట్టులోకి మడిచిన అంచు ఎక్కడైనా ఉంటే అక్కడ వెతకాలి. వెలుతురు తగలని ఆ మడతలో, ఒక్కోసారి, ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది.